సెంటినరీ కాలనీలో సముద్రపు ఇల్లు!

గోదావరిఖనిలో బస్సెక్కి సెంటినరీ కాలనీకి బయల్దేరితే దారి పొడవునా కిటికీలోంచి కొండలు కనిపిస్తాయి. దేవుడు పెట్టిన కొండలు కావు, మనుషులు పోసిన కొండలు! ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు మీదున్న మట్టినీ రాళ్లనూ తవ్వి, పెద్ద పెద్ద డంపర్లలో తెచ్చి కుమ్మరించిన గుట్టలు. ఇక్కడి వాళ్లు వాటిని 'ఓబీ గుట్టలు' అంటారు. సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అలల మాట అటుంచండి, ఎండాకాలంలో చెరువులో నీళ్లుంటే అదే పదివేలు!

అలాంటి చోట మొన్నొక సాయంత్రం, సింగరేణి క్వార్టరు ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, నేనూ ఒక పెద్దాయనా సముద్రం మీద తిరిగే పడవ గురించి రెండు గంటలసేపు మాట్లాడుకున్నాం. వింతగా లేదూ?

పెద్దాయనంటే మరెవరో కాదు, నా చిన్ననాటి దోస్తు వాళ్ల నాన్న. నేను 'కాకా' అని పిలుస్తాను. బొగ్గుబాయిలో సర్దార్. ఇంకో ఆరు నెలల్లో 61 నిండుతాయి, ఉద్యోగం అయిపోతుంది. ఉద్యోగంతోపాటే క్వార్టరూ ఖాళీ చేయాలి. మంథనిలో చిన్న ప్లాటు కొనిపెట్టుకున్నాడు. "నువ్వు రిటైరయ్యేలోపు అందులో ఇల్లు కట్టిస్తా బాపూ" అని అమెరికాలో ఉన్న కొడుకు మాటిచ్చాడు. ఆ కొడుకే పోయిన నెల ఫోను చేసి, "బాపూ, ఇల్లు తర్వాత సూద్దాం. నేనొక పడవ కొంటున్న" అన్నాడట!

"పడవేందిరా? చేపలు పడ్తవా?"

"కాదు బాపూ. అండ్లనే ఉండొచ్చు. మూడు బెడ్‌రూములు, వంటిల్లు, బాత్‌రూం అన్నీ ఉంటయి. కాటమరాన్ అంటరు. సెకండ్‌హ్యాండుల దొరికింది. నేనుండంగ మిగిలిన రోజులు కిరాయికియ్యొచ్చు."

ఆ రాత్రి కాక నిద్రపోలేదు. తెల్లారేసరికి నాకు ఫోను. "బిడ్డా, నువ్వు పేపర్లల్ల రాస్తవు గదా. గీ పడవ కతేందో జర తెలుసుకొని రా. వాన్ని వద్దనాల్నా, సరే అనాల్నా... నాకు సమజైతలేదు."

అదీ సంగతి. నాలుగు రోజులు ఆ పడవల గురించి చదివి, తెలిసినవాళ్లను అడిగి, ఐదో రోజు బస్సెక్కాను.

నూరేళ్ల పేరు

ఇంతకీ 'సెంటినరీ' అన్న ఇంగ్లీషు పేరు ఈ మారుమూలకు ఎలా వచ్చింది? 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైంది. ఆ పక్కనున్న సింగరేణి అన్న ఊరి పేరే కంపెనీ పేరయింది. 1989కి నూరేళ్లు నిండాయి. ఆ నూరేళ్ల పండుగ జ్ఞాపకమే ఈ కాలనీ పేరు. ఇప్పుడిది పెద్దపల్లి జిల్లా రామగిరి మండలం, కంపెనీ లెక్కలో రామగుండం మూడో ఏరియా.

2023లో నాని 'దసరా' చూసినవాళ్లు సింగరేణి అనగానే మొహాన మసి, ఊరంతా బొగ్గు దుమ్ము అనుకుంటారు. కాలనీలో అడుగుపెడితే ఆ బొమ్మ కాస్త చెదురుతుంది. వరసలు తీర్చిన క్వార్టర్లు, వేపచెట్లు, ప్రతి గుమ్మం ముందూ ఒక బండి, ఇంజనీరింగు కాలేజీ పిల్లల సందడి. దూరంగా రామగిరి కోట ఉన్న గుట్ట నీలంగా కనిపిస్తుంది. సినిమా వాళ్లు ఎందుకు వదిలేశారోగాని, వానాకాలంలో ఆ గుట్ట మీద ఒక పాట తీస్తే కనువిందు చేస్తుందనడంలో సందేహం లేదు!

కానీ ఈ వరసల్లో ఒక రహస్యం ఉంది. ఇక్కడ ఎవరి ఇల్లూ వాళ్లది కాదు. ముప్పై ఏళ్లు ఒకే గోడకు సున్నం వేయించి, పెరట్లో కరివేపాకు చెట్టు పెంచి, పిల్లల పెళ్లిళ్లు చేసి, చివరి మస్టరు పడిన తర్వాత తాళంచెవి ఆఫీసులో అప్పజెప్పి వెళ్లిపోవాలి. కాక ఇంటి పెరట్లో కరివేపాకు చెట్టు క్వార్టరు కప్పును దాటిపోయింది. "గీ చెట్టును ఏం జేయాలె? ఎవలకిచ్చి పోవాలె?" అంటుంది చిన్నమ్మ. ఆమెకు పడవ గొడవ పట్టలేదు. చెట్టు గొడవే.

ఇదేం పేరు... కాటమరాన్?

కాక ఫోనులో కొడుకు పంపిన ఫొటోలున్నాయి. తెల్లటి పడవ, నీలం నీళ్లు, వెనకాల కొబ్బరిచెట్లు. విదేశాల్లో తీసిన డ్యూయెట్టులో హీరో హీరోయిన్ ఎక్కే పడవలాగే ఉంది!

"ఇది ఒక్క పడవ కాదు కాకా, రెండు. పక్కపక్కన రెండు సన్నని పడవలు పెట్టి, మీద గది కట్టారు. అందుకే ఒక పక్కకు ఒరగదు. టీ గ్లాసు బల్ల మీద పెడితే పెట్టినచోటే ఉంటుంది" అన్నాను.

కాక కళ్లద్దాలు సవరించుకున్నాడు. "అంటె బల్లకట్టు గదరా!"

నాకు నవ్వొచ్చింది గాని, మాట నిజమే! రెండు పడవలు కలిపి మీద బల్లలు పరిచి బండ్లనూ మనుషులనూ నది దాటించడం మన గోదావరికీ కృష్ణకూ కొత్తేం కాదు. 1967లో వచ్చిన బాపు మొదటి చిత్రం 'సాక్షి' గుర్తుందా? అందులో మన కృష్ణ బల్లకట్టు నడిపే అమాయకుడే కదా!

పేరు మాత్రం మన తీరానిదే. అరవంలో కట్టు అంటే కట్టడం, మరం అంటే మాను. కట్టుమరం అంటే కట్టిన దుంగలు. మన శ్రీకాకుళం నుంచి నెల్లూరుదాకా చేపలవాళ్లు దాన్ని 'తెప్ప' అంటారు. చెక్కిన దుంగలను తాళ్లతో బిగించి, వేట అయిపోగానే కట్లు విప్పి ఇసుకలో ఆరబెట్టేవాళ్లు. భద్రాచలంలో ముక్కోటి ముందురోజు రాములవారికి గోదావరిలో చేసే తెప్పోత్సవంలోనూ ఉన్నది ఆ మాటే. తెల్లవాళ్లు మన తీరంలో ఆ పేరు విని పట్టుకుపోయారు. తీరా దాన్ని అంటగట్టింది వేరే పడవకు... పసిఫిక్ దీవుల్లోలాగా రెండు పడవలు జోడించి కట్టేదానికి!

ఆ పడవ పశ్చిమ దేశాల్లో పేరు మోసిన కథ కూడా తమాషాగా ఉంటుంది. 1876లో అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండితే న్యూయార్కులో పడవ పందెం పెట్టారు. హెర్రెషాఫ్ అనే 28 ఏళ్ల కుర్రాడు 'అమరిల్లిస్' అనే జంటపడవ తెచ్చి, మహా మహా పడవలను వెనక్కి నెట్టి గెలిచాడు. ఓడినవాళ్లు ఊరుకుంటారా? ఇది పడవే కాదని గోలపెట్టి గెలుపు చెల్లకుండా చేశారు. ఆ పందెం పేరేమిటనుకున్నారు? సెంటెనియల్ పందెం! నూరేళ్ల పందెంలో గెలిచిన పడవ గురించి నూరేళ్ల కాలనీలో కూర్చుని మాట్లాడుకోవడం... దీన్నే రాసిపెట్టి ఉండటం అంటారేమో!

కొడుకు మాట

రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా నుంచి వీడియో కాల్ వచ్చింది. మావాడికి అప్పుడు పొద్దున. కాక పక్కనే ఉన్నాడు.

"ఎందుకురా నీకీ పిచ్చి?" అన్నాను.

మావాడు నవ్వలేదు. "పిచ్చి కాదు. నేను హెచ్-వన్-బీ మీదున్నా. ఉద్యోగం పోతే అరవై రోజులు. అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేదంటే దేశం విడిచిపోవాలి. ఇక్కడ ఇల్లు కొన్నవాళ్లు ఉద్యోగం పోయాక ఏం చేశారో కళ్లారా చూశాను. చిన్నప్పటినుంచీ నేనున్నది కంపెనీ ఇల్లే కదా! ఒక్కసారైనా, ఎవడూ ఖాళీ చెయ్యమనని ఇంట్లో పడుకోవాలని ఉంది."

కాక ఏమీ అనలేదు. తల వంచుకుని ఫోను వైపే చూస్తూ కూర్చున్నాడు. తండ్రికి ఆరు నెలలు, కొడుక్కు అరవై రోజులు. ఇద్దరి ఇంటి తాళంచెవులూ కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి.

కలలకు వంక పెట్టడం సులువు. కానీ ఇలాంటి కలలు గాలిలోంచి పుట్టవు. సముద్రం మనవాళ్లకు తెలియనిదా అంటే, అదీ కాదు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి 'తరిణి' అనే తెరచాప పడవలో బయల్దేరి, భూమి చుట్టూ తిరిగి 2018 మేలో తిరిగొచ్చిన ఆరుగురు నౌకాదళ అమ్మాయిల్లో ఇద్దరు మనవాళ్లే. విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాదు నుంచి బి. ఐశ్వర్య. అయితే వాళ్లు నెలల తరబడి శిక్షణ తీసుకున్నారు. మావాడు తీసుకున్నది రెండు వారాంతాల పాఠాలు!

గుర్రం ధర... గుగ్గిళ్ల ధర

ఆ పడవ పొడవు 40 అడుగులు. కట్టింది 2014లో. అడిగే ధర 2 లక్షల 30 వేల డాలర్లు, అంటే మన డబ్బులో దాదాపు రెండు కోట్లు. మావాడి దగ్గరున్న పొదుపు కొంత, మిగిలింది అప్పు. ఆ పొదుపులోనే మంథని ఇల్లు కూడా ఉంది.

కొత్త పడవలు ఇంకా ఖరీదు. ఫ్రాన్సులో లగూన్, ఫౌంటెన్ పజో, దక్షిణాఫ్రికాలో లెపర్డ్... ఈ రకం కాటమరాన్లలో పేరున్నవి ఇవి. వీటిని చాలామంది కొని, కరీబియన్ దీవుల్లో అద్దెకు తిప్పే సంస్థల చేతిలో పెడతారు. ఐదారేళ్లు సెలవులకొచ్చిన జనం తిప్పుతారు. ఆ తర్వాత సంస్థ వాటిని వదిలించుకుంటుంది. సెకండ్‌హ్యాండు బజారులో కనిపించే కాటమరాన్లలో ఇలాంటివి బోలెడు. మావాడు చూసింది కూడా అలా అద్దెలు చేసి వచ్చిందే.

"అంటె టాక్సీ నడిపిన అంబాసిడర్ లెక్క" అన్నాడు కాక.

సరిగ్గా అంతే! టాక్సీ అన్నంత మాత్రాన చెడ్డదని కాదు. ఇంజన్లకు వేళకు నూనె మార్చి ఉంటారు, లెక్కలు రాసి ఉంటారు. కానీ వారానికొక కొత్త చేయి పడి ఉంటుంది. ఇంకో చిక్కు, తుపాన్లు. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను బ్రిటిష్ వర్జిన్ దీవుల మీద పడి, రేవుల్లో ఉన్న వందల అద్దె పడవలను ఒకదాని మీద ఒకటి పడేసింది. వాటిలో కొన్ని మరమ్మతులై, రంగులు పూసుకుని మళ్లీ అమ్మకానికొచ్చాయి. పైరంగు చూస్తే పెళ్లికొడుకే! లోపల ఏముందో?

ఇక గుగ్గిళ్ల లెక్క. పడవ ఖరీదులో పదో వంతు ఏటా దాని పోషణకు పోతుందని పడవలవాళ్లు మోటు లెక్కగా చెబుతారు. అంటే ఏటా 23 వేల డాలర్లు! కాటమరాన్‌కు ఇంజన్లు రెండు, కాబట్టి ఖర్చూ రెండింతలు. వెడల్పు ఎక్కువ కాబట్టి రేవులో కట్టేసే చోటుకు చాలాచోట్ల ఒకటిన్నర రెట్లు అడుగుతారు. ఇంజను నుంచి నీళ్లలోకి దిగే కాలు చుట్టూ ఒక రబ్బరు పొర ఉంటుంది. అది చిరిగితే నీళ్లు నేరుగా లోపలికే! ఏడేళ్లకోసారి మార్చాలన్నది దాన్ని తయారుచేసే వాళ్ల మాట. తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలు పదేళ్లు దాటితే చాలామంది బీమావాళ్లు మార్చి రమ్మంటారు. మావాడు చూసిన పడవ పదేళ్లు దాటింది. జూన్ నుంచి నవంబరుదాకా అక్కడ తుపాన్ల కాలం. ఆ ఆరు నెలలు పడవ ఎక్కడ ఉంచుతావో చెప్పకపోతే బీమాయే దొరకదు.

"కిరాయొస్తది గదా?" అని కాకే కొడుకు పక్షాన అడిగాడు.

అక్కడే అసలు మెలిక. హెచ్-వన్-బీ మీదున్నవాడు తనను తెచ్చుకున్న కంపెనీకే పనిచేయాలి. పక్కన పడవ వ్యాపారం నడపడానికి వీల్లేదు. పైగా అమెరికా తీరంలో డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకు తిప్పే పడవ ఓనరు ఆ దేశ పౌరుడై ఉండాలి. పడవ కూడా అమెరికాలో కట్టినదై ఉండాలి, లేదా ప్రత్యేకంగా మినహాయింపు తెచ్చుకోవాలి. నడిపేవాడికి కోస్టుగార్డు లైసెన్సు కావాలి. ఆరుగురి కంటే ఎక్కువమంది ప్రయాణికులను ఎక్కించుకుంటే పడవకు కోస్టుగార్డు తనిఖీ సర్టిఫికెట్టు కావాలి.

ఫోనులో మావాడు కాసేపు మాట్లాడలేదు. "కిరాయి సంగతి పక్కన పెట్టు. నేను ఉండటానికైనా కొంటాను" అన్నాడు చివరికి.

ప్రేమలో పడ్డవాడికి జాతకాలు చూపిస్తే వింటాడా?

సర్దార్ ప్రశ్న

అప్పుడు కాక ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. నేను పైసల లెక్కలు చెబుతున్నంతసేపూ ఆయన వేరే ఏదో ఆలోచిస్తున్నాడని అప్పుడర్థమైంది.

"అరేయ్, దాన్ని తట్టి సూసినవా?"

"ఏంది బాపూ?"

"తట్టి సూసినవా అంటున్న. సప్పుడెట్లొస్తున్నది?"

బాయిలో సర్దార్ పని ఏమిటో బయటివాళ్లకు తెలియదు. షిఫ్టు మనుషులు పనిచోటుకు వెళ్లకముందే సర్దార్ వెళతాడు. చేతిలో ఒక కర్ర, దీపం. ఒక అరచెయ్యి పైకప్పుకు ఆనించి, రెండో చేత్తో కర్ర పట్టుకుని తడతాడు. గట్టి రాయి అయితే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే దబ్‌మని డొల్ల చప్పుడు, అరచేతికి సన్నని వణుకు. ఆ వణుకు తెలిస్తే అక్కడికి ఒక్క మనిషిని కూడా రానివ్వడు. పుస్తకంలో రాసి సంతకం పెడతాడు.

"నేను రాసినంకనే మంది లోపటికి పోయేది. ముప్పై ఏండ్లు గదే పని" అన్నాడు కాక.

గొప్పకు చెప్పలేదు. ఇక్కడి వాళ్లకు పైకప్పు అంటే ఏమిటో తెలుసు. 2022 మార్చిలో ఇక్కడికి దగ్గర్లోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. గట్టి యంత్రాలున్న గని. అయినా బొగ్గు కింద మనిషి ప్రాణం ఆ చప్పుడు మీదే ఆధారపడి ఉంటుంది.

నేను ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే నేను చదివి వచ్చిన కాగితాల్లో సరిగ్గా ఇదే ఉంది! పాత పడవ కొనేముందు సర్వేయరును పెట్టుకోవాలి. పడవను క్రేనుతో ఒడ్డుకెత్తుతారు. అతను చిన్న సుత్తి పట్టుకుని జానెడు జానెడు చొప్పున అడుగంతా తట్టుకుంటూ పోతాడు. ఫైబరు పొరలు అతుక్కుని గట్టిగా ఉంటే చప్పుడు స్పష్టంగా వస్తుంది. పొర విడిపోయినా, లోపలి తేలిక చెక్కలోకి నీళ్లు దిగినా, మొద్దు చప్పుడు. తర్వాత తేమ చూసే మీటరు పెడతాడు. గోడల అతుకులు, కిటికీల చుట్టూ పగుళ్లు, ఇంజను నూనె, తెరచాప తీగలు... అన్నీ చూసి, సముద్రంలోకి తీసుకెళ్లి నడిపి, చివరికి పుస్తకంలో రాసి సంతకం పెడతాడు.

ఇదంతా చెబితే కాక ముఖం వెలిగిపోయింది. కాసేపాగి ఇంకో ప్రశ్న వేశాడు.

"గా సర్దార్ ఎవ్వని మనిషి? అమ్మెటోని మనిషా, మన మనిషా?"

మావాడు నసిగాడు. అమ్మే దళారీ ఒక సర్వేయరు పేరు చెప్పాడట. ఖర్చు తక్కువట.

"వద్దు. పైసలు నువ్విచ్చి, నీ మనిషిని పెట్టుకో. వాడు తట్టంగ నువ్వు పక్కన నిలవడు. నీ చెయ్యి గుడ ఆనించి సూడు. గప్పుడు నాకు ఫోన్ జెయ్యి. నేను అద్దన. సరే అన."

గోదావరి ఒడ్డున

మర్నాడు పొద్దున్నే కాక స్కూటరు తీశాడు. "పా, గోదారి సూసొద్దాం." మంథని దాటి ఒడ్డుకు చేరేసరికి ఎండ ఇంకా పదునెక్కలేదు.

ఈ నీళ్ల కథ కూడా పడవ కథే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర కలగన్నది పొలాలకు నీళ్లొక్కటే కాదు, గోదావరి మీద ఎగువదాకా పడవలు నడపాలని. దుమ్ముగూడెం, ఇంచంపల్లి దగ్గర రాళ్లు అడ్డం. వాటిని దాటించడానికి ఆనకట్టలు, లాకులు మొదలుపెట్టారు. ఖర్చు పెరిగిపోయి 1871లో ఆ పని ఆపేశారు. అందుకే మనకు గోదావరి మీద లాంచీ ప్రయాణమంటే రాజమండ్రి నుంచి భద్రాచలం వైపే. 1973లో 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'... రెండు చిత్రాలూ ఆ దారినే పోయాయి. ఎగువనున్న మంథని గోదావరి వెండితెర మీద అంతగా వెలగలేదు.

2019లో కాళేశ్వరం ప్రాజెక్టు వచ్చాక ఇక్కడ కాస్త ఆశ పుట్టింది. దగ్గర్లోనే సుందిళ్ల బ్యారేజి, 74 గేట్లు. మోటార్లతో నీళ్లు ఎగువకు ఎక్కిస్తుంటే ఎండాకాలంలో కూడా గోదావరి నిండుగా కనిపించింది. 2023 అక్టోబరులో దిగువన మేడిగడ్డ పియర్లు కుంగాయి. ఆ తర్వాత గేట్లెత్తేశారు, నిలిచిన నీళ్లు దిగిపోయాయి.

"గప్పుడు నాకు గుడ ఆశ పుట్టింది. రిటైరైనంక ఒక పాత పడవ కొని, మందిని తిప్పుదామనుకున్న. ఎవ్వలకు చెప్పలే" అన్నాడు కాక నీళ్లవైపు చూస్తూ.

నేను నోరు తెరిచాను! కొడుక్కు ఆ కల ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడర్థమైంది.

"మరి ఎందుకు కొనలేదు కాకా?"

"కచ్చులూరు" అన్నాడు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ఠ' అనే పర్యాటకుల పడవ వరద సుడిలో మునిగిపోయింది. బతికి బయటపడింది 26 మంది. చనిపోయినవాళ్లలో వరంగల్ దగ్గర కడిపికొండ వాళ్లున్నారు, హైదరాబాదు వాళ్లున్నారు. అడుగున కూరుకుపోయిన పడవను ధర్మాడి సత్యం బృందం ఒడ్డుకు లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది.

"కిరాయి పడవంటె మంది ప్రాణాలు మన చేతుల్ల పెడ్తరు బిడ్డా. బాయిల ముప్పై ఏండ్లు మోసిన గా బరువు. ఇంక చాలనిపించింది."

ఒడ్డున చేపలాయన ఒకరు తెప్ప కడుతున్నాడు. దుంగలు కాదు, థర్మాకోలు ముక్కలు వలలో చుట్టి బిగించిన తెప్ప. కాక వంగి దాన్ని వేళ్లతో తట్టి చూశాడు. చేపలాయన నవ్వాడు. కాకా నవ్వాడు.

చప్పుడు చెప్పిన మాట

మూడు వారాలకు మావాడి దగ్గరినుంచి ఫోను. నేను మళ్లీ కాలనీలోనే ఉన్నాను. ముగ్గురం ఒకే ఫోను ముందు కూర్చున్నాం.

సొంత సర్వేయరును పెట్టుకున్నాడు. పడవను ఒడ్డుకెత్తించాడు. సుత్తి కుడి పడవ మీద స్పష్టంగా పలికిందట. ఎడమ పడవ ముందు భాగంలో, నీటిగీత కింద, బారెడు పొడుగున మొద్దుగా పలికింది. మీటరు పెడితే తేమ. లోపల గోడ అతుకు ఒకచోట విడిపోయి ఉంది. ఎప్పుడో దేనికో గట్టిగా గుద్దుకుని, పైన పూత వేసుకున్న పడవ!

"నేను గూడ చెయ్యి ఆనించి చూశా బాపూ... తెలిసింది" అన్నాడు మావాడు మెల్లగా.

అమ్మేవాడు 40 వేల డాలర్లు తగ్గిస్తానన్నాడట. మావాడికి ఇంకా ఆశ. "ఆ డబ్బుతో బాగుచేయించొచ్చు కదా?" అన్నాడు.

కాక ఆలోచించలేదు. "పైకప్పు డొల్లగున్నదని సర్దార్ రాసినంక, కూలి ఎక్కువిస్తమంటె లోపటికి పోతమారా?"

అంతే. సర్వేలో నచ్చకపోతే వెనక్కి తగ్గవచ్చని ఒప్పందంలో ముందే రాయించుకోవడం వల్ల బయానా తిరిగొచ్చింది. సర్వేయరు ఖర్చు, క్రేను ఖర్చు కలిపి రెండు మూడు వేల డాలర్లు మాత్రం పోయాయి. అవి పోయినట్టు కాదు, రెండు లక్షల ముప్పై వేలు మిగిలినట్టు!

మావాడు కల మానుకోలేదు. ముందు వారం రోజులు అద్దె కాటమరాన్‌లో నేర్పేవాణ్ని పెట్టుకుని తిరుగుతాడట. ఆ తర్వాత ఒక ఎండాకాలం, ఒక తుపాన్ల కాలం ఇతరుల పడవల్లో పనిచేసి చూస్తాడట. అప్పటికీ మనసు అటే లాగితే చిన్నదానితో మొదలుపెడతాడట. నాకిది సబబుగా తోచింది. ఏనుగును కొనేవాడు ముందు మావటి దగ్గర నాలుగు రోజులు ఉండాలి కదా!

మంథని ప్లాటులో ముగ్గు పోశారు. రెండు గదులు, ఒక వసారా. చిన్నమ్మ కరివేపాకు చెట్టు మొదట్లో మొలిచిన మూడు పిలకలు పెళ్లగించి డబ్బాలో పెట్టుకుంది. పెద్ద చెట్టు క్వార్టరులోనే ఉంటుంది, తర్వాత వచ్చేవాళ్ల పప్పుచారుకు.

పునాది రాళ్ల లారీ వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. కాక చేతికర్రతో ఒక్కొక్క రాయినీ తడుతూ, "ఇది మంచిదే... ఇది మంచిదే... అగో, గిది పక్కన పెట్టు" అంటున్నాడు. లారీ డ్రైవరు విస్తుపోయి చూస్తున్నాడు.

తెర మీద హీరో పడవ ఎక్కగానే పాట మొదలవుతుంది. దాని రబ్బరు పొర ఎప్పుడు మార్చారో ఎవరూ అడగరు. మనం టిక్కెట్టు కొన్నది అందుకే, అడగనక్కర్లేదు కూడా. కానీ హాలులోంచి బయటికొచ్చాక మీరెప్పుడైనా పడవే కొనండి, ఇల్లే కొనండి... ఒక్కసారి సెంటినరీ కాలనీ సర్దార్‌ను తలుచుకోండి. సంతకం పెట్టకముందే తట్టి చూడండి!